చౌరస్తా ఫ్లెక్సీలో మా బాపు

మొన్న ఎండాకాలంలో గోదావరిఖని వెళ్లేసరికి మా తమ్ముడు ఇంటి వెనకాల స్నానాల దడి పీకించి టైల్సు వేయిస్తున్నాడు. పీకిన రేకులు, వెదురు బొంగులు, తుప్పు పట్టిన తీగలు ఒక పక్క కుప్పగా పడున్నాయి. ఆ కుప్ప మీద మడతలు పెట్టిన పాత ఫ్లెక్సీ ఒకటి కనిపించింది. విప్పితే రంగు పొలుసులు పొలుసులుగా నా ఒళ్లో రాలింది. ముఖం పూర్తిగా పోయింది. ఒక చెవి, తెల్ల కాలరు, ఛాతీ దగ్గర జోడించిన రెండు చేతులు మాత్రం మిగిలాయి. "పారెయ్యాల్నా అవ్వా?" అని తమ్ముడు అడిగాడు. అవ్వ అంటే మా వైపు కన్నతల్లే. ఆమె బియ్యం ఏరుతున్న చాట మీంచి తల ఎత్తకుండా "పారెయ్యి. దాని ఎంబడి నువ్వు గూడ పో" అంది. తమ్ముడు నోరు మూసుకొని టైల్సు లెక్క చూసుకోవడానికి వెళ్లిపోయాడు. ఆ జోడించిన చేతులు మా బాపువి. నాన్నను మేం అట్లా పిలిచేవాళ్లం.

నేను ప్రకటనలు రాసి బతుకుతాను. హైదరాబాదులో బట్టల దుకాణాలకు, నగల దుకాణాలకు రాస్తాను. ఫలానా పట్టుచీర కట్టుకుంటే అత్తగారు మెత్తబడుతుందని, ఫలానా చొక్కా వేసుకుంటే ఆఫీసులో గౌరవం పెరుగుతుందని మిమ్మల్ని నమ్మించే వాక్యాల్లో కొన్ని నావే. నమ్మితే నా తప్పు కాదు. నేను రాసిన హోర్డింగు ఒక్కటీ ఈ పండగ నుంచి ఆ పండగ దాకా బతకలేదు. అందుకని ఆ చిరిగిన ఫ్లెక్సీని చూస్తే నాకు ప్రేమతో పాటు కొంచెం కుళ్లు కూడా పుట్టింది. ఇంతకాలం నిలబడ్డ ప్రకటన నాకు తెలిసినంతలో అదొక్కటే. పైగా అందులో ఉండాల్సింది నేను. ఆ సంగతి చెప్పాలంటే ముందు మా బాపు తెల్లబట్టల గురించి చెప్పాలి.

మా బాపు పేరు ఓదెలు. భూగర్భ గనిలో ఫిల్లరు. పేల్చిన తర్వాత రాలిన బొగ్గును తట్టకెత్తి టబ్బుల్లో నింపే పని. మా ఊళ్లో గనిని గని అనరు, బాయి అంటారు. బాయిలోంచి పైకి వచ్చిన మనిషికి పళ్లు, కనుగుడ్లు తప్ప తక్కినదంతా ఒకటే రంగు. చాలామంది అట్లాగే సైకిలెక్కి క్వార్టరుకు వచ్చి నల్లా కింద కూర్చునేవాళ్లు. మా బాపు రాడు. బాయి దగ్గరే స్నానం చేసి, డ్యూటీ బట్టలు అక్కడే పిండి ఆరేసి, సంచిలో మడత నలగకుండా తీసుకుపోయిన తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు తొడుక్కొని, నూనె రాసి తల దువ్వుకొని, పెళ్లిచూపులకు వచ్చినట్టు ఇంటికి వచ్చేవాడు. కనురెప్పల అంచుల్లో బొగ్గు మాత్రం ఎంత కడిగినా పోయేది కాదు. మా కాలనీలో ఆడవాళ్లు పౌడరు రాసుకునేవాళ్లు, మగవాళ్లు కాటుక పెట్టుకునేవాళ్లు. అందులో ఎవరికీ వింత కనిపించేది కాదు.

పెళ్లయిన నాటి నుంచి నేను ఇంటర్‌కు వచ్చేదాకా మా అవ్వ ఆయన్ని డ్యూటీ బట్టల్లో ఒక్కసారి కూడా చూడలేదు. ఆయన చూడనివ్వలేదు. మేమూ చూడలేదు. బాయి దిక్కు రావద్దని అందరికీ గట్టిగా చెప్పి పెట్టాడు. "పిల్లనిచ్చేటప్పుడు వీడు బ్యాంకుల పని చేస్తనని చెప్పిండు ఒదినె, గందుకే దాస్తున్నడు" అని కొమురయ్య కాక ఏడిపించేవాడు. కొమురయ్య కాక బాపుకు జోడీ. ఒకే టబ్బు ఇద్దరూ నింపేవాళ్లు, ఒకే బీడీ ఇద్దరూ పంచుకునేవాళ్లు. కాక మాత్రం నల్లగానే ఇంటికి వచ్చి, నల్లగానే మా గడప మీద కూర్చొని, నల్లగానే చాయ్ తాగి పోయేవాడు. ఆయన కూర్చున్న చోట గోడ మీద వీపు ఆకారం ఉండేది, సున్నం వేస్తే వారానికి మళ్లీ వచ్చేది.

ఆ తెలుపు వెనకాల చాకిరీ అంతా అవ్వది. అన్నం వార్చిన గంజి బొగ్గుల పొయ్యి పక్కన సత్తుగిన్నెలో చల్లారుతూ ఉండేది. దాంట్లో నీలిమందు రెండు చుక్కలు వేసి, చొక్కా ముంచి, పిండి, దులిపి, ఇంట్లోనే దండెం మీద ఆరేసేది. బయట ఆరేస్తే బొగ్గు నిలవచేసే బంకరు దిక్కు నుంచి వచ్చే దుమ్ముకు పొద్దుకల్లా బూడిద రంగుకు తిరిగేది. అందుకని మా ముందు గదిలో ఎప్పుడూ పులిసిన గంజి వాసన, తడి నూలు వాసన. మేం అన్నం తింటుంటే తల మీద బాపు చొక్కా చేతుల్లోంచి నీళ్లు కారేవి. "ఎవలకు చూపెట్టనీకయ్యా గీ తెలుపు?" అని అవ్వ ఇస్త్రీపెట్టెలో నిప్పులు ఊదుతూ గొణిగేది. ఆయన మీసం సర్దుకుంటూ, "నల్లగుండుడు కంపెనీ ఇస్తది. తెల్లగుండుడు మనమే తెచ్చుకోవాలె" అనేవాడు. అది ఆయన తనకు తాను రాసుకున్న ప్రకటన. అంతకంటే మంచి వాక్యం నేను ఇన్నేళ్లలో రాయలేకపోయాను, డబ్బు తీసుకొని మరీ.

నాకు మాత్రం తెలుపంటే రోత. నా ప్రాణమంతా రంగుల్లో ఉండేది. మా ఊరి కేబుల్ చానల్లో పాట కింద పట్టీలా పరుగెత్తే బట్టల దుకాణాల ప్రకటనలు నాకు పాట కంటే ఇష్టం. దసరా ముందు గని కార్మికులకు కంపెనీ లాభాల్లో వాటా పడుతుంది. అది పడబోతోందన్న వాసన తగలగానే చౌరస్తా చుట్టుపక్కల దుకాణాలన్నీ ఒక్కసారిగా గొంతు పెంచేవి. మైకు కట్టిన ఆటోలు కాలనీ సందుల్లో తిరుగుతూ "రండమ్మా రండి, ఆలసించిన ఆశాభంగం" అని అరిచేవి. నైట్ షిఫ్టు చేసి పడుకున్న మగవాళ్లు లేచి కిటికీల్లోంచి వాళ్ల అమ్మలను, ఆలిని తిట్టేవాళ్లు. నేను గేటు దాకా పరుగెత్తుకెళ్లి వాళ్లు విసిరిన రంగు కాగితాలు ఏరుకునేదాన్ని. దుకాణం పేరున్న ప్లాస్టిక్ సంచిని పేరు బయటికి కనిపించేటట్టు పట్టుకొని కాలేజీకి వెళ్లేదాన్ని. దాంట్లో పుస్తకాలు పట్టకపోతే పుస్తకాలు ఇంట్లో పెట్టి సంచి తీసుకెళ్లేదాన్ని.

నా నేస్తం ఎస్తేరు రెండు వీధుల అవతల ఉండేది. వాళ్ల నాన్న బాయి ఆఫీసులో క్లర్కు. మాకు దసరా ఒక్కటే కొత్తబట్టల పండగైతే వాళ్లకు క్రిస్మస్ ఉండేది. క్రిస్మస్ నాటికి పట్నం నుంచి కొత్త రకం కుట్టు వచ్చేది. ఎస్తేరు చర్చికి వేసుకెళ్లిన చుడీదారు చేతులు చూసి సంక్రాంతికి మా కాలనీ దర్జీలందరూ అవే చేతులు కుట్టేవాళ్లు. దేవుడికి తెలియకుండా మా కాలనీ ఫ్యాషన్ అంతా ఆ చర్చి గుమ్మంలోనే తేలేది. నేను వాళ్లింట్లో అద్దం ముందు ఎస్తేరు బట్టలు వేసుకొని, నడుం మీద చెయ్యి పెట్టి, గడ్డం కొంచెం కిందికి దించి, పత్రికల్లో అమ్మాయిలు చూసినట్టు చూడటం సాధన చేసేదాన్ని. "గట్ల చూస్తే మెడ పట్టుకున్నదనుకుంటరే" అనేది ఎస్తేరు.

అట్లా ఉండగా ఒక వార్త వచ్చింది. చౌరస్తా పక్కన ఒక పెద్ద బట్టల దుకాణం ఉండేది, దాని యజమానిని అందరూ సేటు అనే పిలిచేవాళ్లు. అప్పుడప్పుడే మా ఊళ్లోకి ఫ్లెక్సీ ప్రింటింగు దిగింది. అంతకుముందు గోడల మీద బ్రష్షుతో రాసేవాళ్లు, ఇప్పుడు మనిషిని ఇంటికంటే పెద్దగా అచ్చేయొచ్చు. సేటుకు ఆ పిచ్చి పట్టింది. పట్నం మోడళ్లు మనకెందుకు, మన ఊరివాళ్లనే పెడదాం, ఇష్టమున్నవాళ్లు స్టూడియోకు వచ్చి ఫోటో దిగండని చెప్పించాడు. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. కాలనీ అంతా తలెత్తి నన్ను చూస్తున్నట్టు, లెక్కల సారు కూడా సైకిలాపి చూస్తున్నట్టు ఊహించుకుంటూ పడుకున్నాను. మా అవ్వ అప్పటికే చెల్లెలి కాన్పుకని రామగిరి వైపు తల్లిగారింటికి పోయి ఉంది. కనుక వద్దనేవాళ్లు లేరు. బాపును అడిగితే "ఒక్కదానివి పోవద్దు, నేనొస్త" అన్నాడు. రాకపోయినా బాగుండేదని తర్వాత చాలా రోజులు అనుకున్నాను.

స్టూడియోకు ఎస్తేరు నెమలికంఠం రంగు చుడీదారు వేసుకొని వెళ్లాను. బాపు ఎప్పటిలాగే తెలుపులో తెలుపు. ఫోటోగ్రాఫరు నన్ను నిలబెట్టి, రెండు దీపాలు వేసి, ఒకసారి చూసి, ఒక దీపం ఆర్పేశాడు. నేను నడుం మీద చెయ్యి పెట్టి గడ్డం దించాను. "చెల్లే, కడుపు నొస్తున్నదా?" అని అడిగాడు. అంతలో సేటు లోపలికి వచ్చాడు. నా వైపు చూడనే లేదు. మూల స్టూలు మీద, మడత నలగకుండా నిటారుగా కూర్చున్న మా బాపును చూసి అక్కడే ఆగిపోయాడు. దీపం వెలుగు ఆ గంజి చొక్కా మీద పడి గది అంతా తిరుగుతోంది. "అన్నా, నువ్వేం పని చేస్తవ్?" అన్నాడు. "బాయిల. ఫిల్లర్‌ను." సేటు నవ్వి, చెయ్యి పట్టి లేపి, "గీ ఊళ్లె గింత తెల్లగ ఉన్నోన్ని నిన్నొక్కన్నే చూసిన. షర్టింగులకు నువ్వే నిలబడాలె" అన్నాడు. చుడీదారుల ఫ్లెక్సీ సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

బాపు కాసేపు వద్దన్నాడు. తర్వాత అద్దంలో మీసం చూసుకున్నాడు, అంతే, అయిపోయింది. జేబులో చెయ్యి పెట్టమంటే పెట్టలేదు, దొంగ నిలబడ్డట్టు ఉంటుందన్నాడు. చొక్కా భుజం మీద వేసుకోమంటే కోపం వచ్చింది. ఫోటో అంటే ఆయనకు తెలిసిన భంగిమ ఒక్కటే, యూనియన్ ఎన్నికల పోస్టర్ల మీద నాయకులు చేసేది. రెండు చేతులూ జోడించి, గంభీరంగా, కొంచెం జాలిగా ముందుకు చూశాడు. సేటు ఇచ్చిన కొత్త చొక్కా తొడిగి అట్లాగే తీశారు. ఇంటికొచ్చే దారిలో నేను నాలుగడుగులు వెనకే నడిచాను. "మీ అవ్వకు జెప్పకు బిడ్డా, అచ్చినంక చూసి పరేషాన్ గావాలె" అన్నాడు సంబరంగా. చెప్పమన్నా చెప్పేదాన్ని కాదు. కన్నతండ్రి నా ఉద్యోగం కొట్టేశాడని ఏ మొహంతో చెప్పను?

మా ఊళ్లో ఫ్లెక్సీ డిజైన్ చేసేవాడు ఒక్కడే. వాడికి గిరాకీ అంతా లీడర్ల పుట్టినరోజులు, చావులు. తీరిక లేక ఒకే మచ్చు అన్నిటికీ వాడేవాడు. బాపు వెనకాల నీలి ఆకాశం పెట్టాడు, మబ్బుల్లోంచి వెలుగు కిరణాలు పెట్టాడు, రెండు మూలలా రెండు గులాబీలు పెట్టాడు. కింద సగంలో దుకాణం పేరు, షర్టింగులు, సూటింగులు, పండగ తగ్గింపు. దసరాకు ముందు ఒక పొద్దున దాన్ని చౌరస్తాలో కట్టారు. కట్టిన గంటకే ఎవరో యూనియన్ లీడరు పుట్టినరోజని, అతని అభిమానులు వచ్చి తమ బ్యానరును అదే బొంగులకు కిందుగా కట్టిపోయారు. దుకాణం పేరు, తగ్గింపు అన్నీ దాని వెనక్కి పోయాయి. పైన మిగిలింది మా బాపు, ఆకాశం, కిరణాలు, గులాబీలు, జోడించిన చేతులు.

ఆ రోజు బాపుది ఫస్ట్ షిఫ్టు. నేను కాలేజీ ఎగ్గొట్టి ఇంట్లో జుట్టుకు గోరింటాకు పెట్టుకొని కూర్చున్నాను. పక్క క్వార్టరు లచ్చవ్వ పెద్దమ్మ తలుపు నెట్టుకొని వచ్చి నన్ను గోరింటాకుతో సహా గుండెలకు హత్తుకుంది. "ఎంత పనాయె బిడ్డా! దేవుని అసొంటి మనిషి!" అని శోకం అందుకుంది. ఆమె వెనక ఇంకో ఇద్దరు, వాళ్ల వెనక గిన్నెలు. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలగదని చుట్టుపక్కలవాళ్లు వండి తేవడం మా దగ్గర రివాజు. చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టారని, నిండు మనిషి చేతులు జోడించి సెలవు తీసుకుంటున్నట్టే ఉన్నాడని ఏడుస్తూ చెప్పారు. పొద్దున డ్యూటీకి పోయిన మనిషి చచ్చిపోయి, ఫ్లెక్సీ అచ్చయి, బొంగులకు ఎక్కేంత టైం ఎక్కడిదని ఒక్కరూ ఆలోచించలేదు.

నాకు అంతా తెలుసు కదా. ఆ ఫోటో తీసినప్పుడు పక్కనే ఉన్నాను. కానీ ఎవరైనా పోతే యూనియన్‌వాళ్లు ఫోటో కోసం వెళ్లేది స్టూడియోకే, అక్కడ మా బాపు కొత్త ఫోటో సిద్ధంగా ఉంది. ఆ ఆలోచన ఒకటి వచ్చాక మిగతా తెలివి ఎందుకూ పనికిరాలేదు. బాయి కాలనీలో పెరిగిన పిల్లకు ఆ భయం ఎవరూ నేర్పనక్కర్లేదు. అంతలో లచ్చవ్వ పెద్దమ్మ ఇంకో మాట అంది. "మీ అవ్వ రామగిరి బస్సుల అచ్చుకుంట చూసిందట. గక్కడ్నే దిగి బాయి దిక్కు ఉరికింది." నేను చెప్పులు లేకుండా బయటపడ్డాను. దారిలో ఎస్తేరు కలిసింది. ఇద్దరం ముందు చౌరస్తాకు ఉరికాం. లీడరు బ్యానరును నేను రెండు చేతులతో పైకి లేపాను. కింద నుంచి 'షర్టింగులు, సూటింగులు' అన్న అక్షరాలు కనిపించాయి. జీవితంలో ఇన్ని ప్రకటనలు చదివాను, రాశాను. ఏ ప్రకటన చూసీ అంత ఏడవలేదు.

ఆటోలో బాయి దగ్గరికి చేరేసరికి మా అవ్వ టోపీ దీపాలిచ్చే ల్యాంప్ రూము ముందు మట్టిలో కూర్చొని ఉంది. కొప్పు ఊడిపోయింది. పక్కన తల్లిగారింటి నుంచి తెచ్చిన సంచి పడి ఉంది. మస్టర్‌లో హాజరు పడింది, ఓదెలు లోపలే ఉన్నాడు, ఏం కాలేదమ్మా అని అక్కడి మనుషులు చెబుతూనే ఉన్నారు. కానీ ఏం కాలేదమ్మా అన్నది బాయి దగ్గర ఆడవాళ్లకు ఎప్పుడైనా మొదట చెప్పే మాటే. ఆమె ఎట్లా నమ్ముతుంది? నేను కూర్చొని, అది బట్టల దుకాణం ప్రకటన అవ్వా, సేటు పెట్టించాడు అని చెప్పాను. ఆమె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "సావకపోతే గంత పెద్ద ఫోటో ఎవలు పెడ్తరే మనకు? మనమేమన్న లీడర్లమా?" అంది.

షిఫ్టు వదిలారు. మనుషులు పైకి రావడం మొదలైంది. టోపీలు, దీపాలు, నలుపు. అందరూ ఒక్కటే. అవ్వ లేచి దారికి అడ్డంగా నిలబడి ఒక్కొక్క ముఖంలోకి చూడటం మొదలుపెట్టింది. ఆమెకు తెలిసిన భర్త తెల్లటివాడు. ఈ నల్లవాళ్లలో ఆయన ఎవరో ఆమెకు తెలియదు, నాకూ తెలియదు. వాళ్లు ఆగి, ఆమె చూసేదాకా నిలబడి, పక్కకు తప్పుకొని పోతున్నారు. ఇంతలో వెనక వరసలో ఒక మనిషి మమ్మల్ని చూసి, చటుక్కున తల వంచి, ఇంకొకరి వీపు వెనక్కి జరిగాడు. ఆ వీపు కొమురయ్య కాకది, మా గడప పక్క గోడ మీద రోజూ చూసే వీపు. అవ్వ ఆ దాక్కున్న మనిషిని చూసింది. అంతమందిలో పెళ్లాన్ని చూసి దాక్కునేవాడు ఒక్కడే ఉంటాడు కదా. ఆమె కాకను పక్కకు నెట్టి, వెనక ఉన్నవాడి చెంప మీద ఫెడీమని కొట్టింది.

"బతికున్నోనివి ఎందుకు దాసుకుంటున్నవయ్యా?" అంది. బాపుకు ఏమీ అర్థం కాలేదు. చెయ్యి అడ్డం పెట్టుకొని, "గిట్ల చూడకు, జర ఆగు, తానం జేసి తెల్లబట్టలేసుకొని అస్త" అన్నాడు. "నీ తెల్లబట్టల మీద మన్నువడ!" అని అవ్వ ఆయన ముఖం రెండు అరచేతుల్లో పట్టుకొని గట్టిగా తుడిచింది. బొగ్గు పోలేదు, ఆమె చేతులకు అంటింది. ఆ చేతులతో తన కళ్లు తుడుచుకుంది. ఇప్పుడు ఇద్దరూ నలుపు. చుట్టూ నిలబడ్డ షిఫ్టు మొత్తం కదలకుండా చూస్తోంది. కొమురయ్య కాక ఒక్కడే, "ఒదినె, నన్నెందుకు నూకినవ్? నాదేం తప్పు?" అని అడిగాడు. అప్పుడు నవ్వారు అందరూ. మా అవ్వ కూడా నవ్వింది, ఏడుపు ఆగకుండానే.

ఇంటికి వచ్చేసరికి గిన్నెలు వరసగా ఉన్నాయి. పప్పు, పచ్చిపులుసు, ఎవరో చేపల కూర కూడా పంపారు, చావింటికి చేపల కూర ఏమిటో. బాపు తన చావు కూడు తాను పీటేసుకొని తిన్నాడు. "చేపలు ఎవలు పంపిండ్రు? మంచిగున్నయి" అన్నాడు. "నిజంగ పోయిన్నాడు గింత మంచిగ పెడ్తరో లేదో" అని లచ్చవ్వ పెద్దమ్మతో అంటే ఆమె సిగ్గుపడి గరిటె చూపించింది.

మర్నాటి నుంచి ఇంట్లో నియమం మారింది. అవ్వ మార్చింది. బాయి దగ్గర స్నానం బంద్, ఎట్లా పైకి వచ్చినవాడు అట్లాగే ఇంటికి రావాలి. మొదటి రోజు ఆయన సందు చివర చీకటి పడేదాకా ఆగి, గోడలు పట్టుకొని దొంగలా వచ్చాడు. అవ్వ వాకిట్లో నిలబడి ఆ నల్ల ముఖాన్ని కాసేపు చూసింది. తర్వాత వేడినీళ్లు తోడి, కొబ్బరి పీచుతో వీపు రుద్దింది. ఆ చూడటం రోజూ ఉండేది. ఏం చూసేదో అడగలేదు గానీ, చూసినాక ఆమె భుజాలు కిందికి దిగేవి. దసరా అయిపోయాక సేటు ఆ ఫ్లెక్సీని బాపుకే ఇచ్చేశాడు. ఆయన దాన్ని స్నానాల దడికి తెరగా కట్టుకున్నాడు. మా ఇంటికి వచ్చిన చుట్టాలకు ముందు కనిపించేది ఆ తెరే. బయట మా బాపు తెల్ల చొక్కాలో, మబ్బుల మధ్య, అందరికీ దండం పెడుతూ ఉండేవాడు. తెర వెనక మా బాపు నల్లగా కూర్చొని, "జర మెల్లగ రుద్దవే, తోలు ఊడుతది" అని అరుస్తూ ఉండేవాడు. రిటైరై క్వార్టరు ఖాళీ చేసిన రోజు బీరువా కంటే ముందు దాన్నే చుట్టి ఆటోలో పెట్టించాడు.

నేను ఈ పనిలోకి వచ్చాక ఆ తెర చాలాసార్లు గుర్తొచ్చింది. ఇప్పుడు స్టూడియోల్లో నల్లపిల్లను నిలబెట్టి కంప్యూటర్లో తెల్లగా చేస్తారు, నడుం తగ్గిస్తారు, మచ్చ తీసేస్తారు, చివరికి ఆ పిల్ల తన ఫోటోను తానే ఎవరో అనుకుంటుంది. నేను దాని కింద 'మీలోని అసలైన మీరు' అని రాస్తాను. మొదట్లో అది మాయలా తోచి మురిసిపోయాను. మధ్యలో కొన్నాళ్లు రోతపుట్టి, ఖాదీ తప్ప కట్టననే వేషం కూడా వేశాను. ఆ వేషానికి మిగతా వాటికంటే ఎక్కువ ఖర్చయింది. ఇప్పుడు పెద్దగా కోపం లేదు. మా బాపు చేసింది కూడా ప్రకటనే. తేడా ఒక్కటే, ఆయన తెర వెనక్కి వెళ్లి చూసే హక్కు ఒక మనిషి కొట్టి మరీ సంపాదించుకుంది. నా హోర్డింగుల వెనక్కి వెళ్లి చూస్తే ఇనప కడ్డీలే ఉంటాయి.

రాష్ట్రం వచ్చిన ఏడాది బాపు పోయాడు. బొగ్గు ఊపిరితిత్తుల్లో ఉండిపోయింది, దానికి ఏ కొబ్బరి పీచూ అందలేదు. చౌరస్తా అంతా సంబరాల ఫ్లెక్సీలే, గులాబీ రంగు, బతుకమ్మలు, అమరవీరులు, నాయకులు. వాటి మధ్య యూనియన్‌వాళ్లు మా బాపుది కూడా పెడతామని ఫోటో అడిగారు. ఇంట్లో ఉన్నవన్నీ పెళ్లిళ్లలో ఎవరి భుజం వెనకో సగం తెగినవి. తమ్ముడు స్టూడియో నుంచి ఆ పాత ఫోటోనే తెచ్చాడు. నాకు ఇష్టం లేకపోయింది, ఆ చొక్కా కూడా మనది కాదు, సేటుదని అన్నాను. అవ్వ ఫోటోను చూసి, "గదే పెట్టుండ్రి. నల్లగున్నది నేను చూసిన, సాలు" అంది. డిజైన్ చేసేవాడు మారినా మచ్చు మారలేదు. అదే ఆకాశం, అవే కిరణాలు, అవే గులాబీలు.

దినాల నాటికి కొమురయ్య కాక ఊళ్లో లేడు. బసంత్‌నగర్‌లో బిడ్డ దగ్గర ఉన్నాడు, ఫోను ఆయన చెవికి ఆనదు, ఎవరూ పోయి చెప్పలేదు. ఒక మధ్యాహ్నం ఆయన మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. ఎండకు ఒళ్లంతా తడిసిపోయి ఉంది. లోపలికి రాలేదు. ఎప్పుడూ కూర్చునే గడప మీద కూర్చోనూ లేదు. అవ్వ బయటికి వచ్చింది. తలుపులోంచి కనిపించే, తెల్లబట్టలు లేని దండెం కేసి ఒకసారి చూసి, కాక తల తిప్పుకున్నాడు.

"చౌరస్తల ఫ్లెక్సీ బస్సుల కెళ్లి చూసిన ఒదినె" అన్నాడు. "దిగి దుకాణంలకు పోయి సేటును అడిగిన. మళ్ల షర్టింగులు పెట్టినవా సేటూ అని."

అవ్వ గడప మీద ఆయన చోటు కొంగుతో తుడిచింది.

"కాదన్నడు" అన్నాడు కాక.